విశాఖలో సినిమా పంట పండించిన జంధ్యాల

తెలుగువారిని పాతికేళ్ళ పాటు నవ్వించిన రచయిత, దర్శకుడు జంధ్యాల పుట్టింది నరసాపురంలో. పెరిగింది విజయవాడలో. పేరు తెచ్చుకున్నది మద్రాసులో. కన్నుమూసింది హైదరాబాదులో. ఈ నాలుగు ఊళ్ళలో దేనికీ తీసిపోని హక్కు ఆయన మీద విశాఖపట్నానికి కూడా ఉంది. విశాఖను పాటలకు మాత్రమే పనికివచ్చే సముద్రపు ఒడ్డుగా చూడక, కథలు నడిచే ఊరుగా, మనుషులు కాపురాలు చేసే ఊరుగా తెర మీద నిలబెట్టిన తొలి వరుస దర్శకులలో ఆయన ఒకరు.

సినిమా షూటింగులు మన జిల్లాకు రావాలి, వచ్చినవి ఇక్కడే నిలవాలి, అందుకు ప్రభుత్వం పన్నులో రాయితీ ఇవ్వాలి అనే మాట దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. ఆ మాటలో నిజమెంత, రాయితీతో ఏది వస్తుంది, ఏది రాదు అని తెలుసుకోగోరే వారికి జంధ్యాల జీవితం మంచి పాఠం.

నాటకాల నుంచి సినిమాలకు

ఆయన పూర్తి పేరు జంధ్యాల వీరవెంకట దుర్గా శివసుబ్రహ్మణ్య శాస్త్రి. 1951 జనవరి 14న, సంక్రాంతి వేళ, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జన్మించారు. చదువు విజయవాడలో సాగింది. బి.కాం. పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లోనే నాటకాల పిచ్చి పట్టింది. ఏక్ దిన్ కా సుల్తాన్, గుండెలు మార్చబడును వంటి నాటకాలు రాసి పరిషత్తుల్లో పేరు సంపాదించారు. నాటకం రాసేవాడికి ఒక నియమం తప్పదు. ఖర్చు లేకుండా రక్తి కట్టించాలి. రెండు కుర్చీలు, ఒక బల్ల, నలుగురు మనుషులు, మిగిలినదంతా మాటల బలం. ఆ నియమమే తరువాత ఆయన సినిమాలకూ పునాది అయింది.

1970వ దశకం నడుమ ఆయన మద్రాసు చేరుకున్నారు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలో పని కావాలంటే మద్రాసు రైలెక్కడం తప్ప వేరే దారి లేదు. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1976లో వచ్చిన సిరిసిరిమువ్వకు రాసిన మాటలు ఆయనకు గుర్తింపు తెచ్చాయి. మరుసటి ఏడాది కె. రాఘవేంద్రరావు తీసిన అడవి రాముడు, 1979లో వేటగాడు, 1980లో శంకరాభరణం వచ్చాయి. ఒకపక్క నేల టిక్కెట్టు వారు ఈలలు వేసే మాటలు, మరొకపక్క పెద్దవారు చెవులు రిక్కించి వినే మాటలు, రెండూ ఒకే కలం నుంచి వెలువడటం చూసి చిత్రసీమ ఆశ్చర్యపోయింది.

రచయితగా చేతి నిండా పని ఉండగానే 1981లో ముద్దమందారంతో ఆయన దర్శకులయ్యారు. పెద్ద తారలు లేరు. ప్రదీప్, పూర్ణిమ అనే కొత్త జంట. కథ చిన్నది, ఖర్చు చిన్నది. జనం ఆదరించారు. ఇక అక్కడి నుంచి వెనక్కి చూడలేదు.

విశాఖకు రాక

విశాఖకు సినిమా కొత్త కాదు. 1930వ దశకంలోనే ఇక్కడ ఆంధ్ర సినీటోన్ అనే సంస్థ వెలసింది. దాని పేరిట 1938లో భక్త జయదేవ విడుదలయింది. కానీ ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేదు. పరికరాలు, పనివారు, పెట్టుబడి అన్నీ మద్రాసులో కుదురుకోవడంతో విశాఖ చాలాకాలం చిత్రాలు చూసే ఊరుగానే మిగిలిపోయింది. 1978లో కె. బాలచందర్ మరోచరిత్రను విశాఖ, భీమునిపట్నం తీరాల్లో తీసి, ఈ ప్రాంతం అందాన్ని దేశానికి చాటారు.

ఆ తరువాత జంధ్యాల వచ్చారు. 1982లో నాలుగు స్తంభాలాట, 1983లో రెండు జెళ్ళ సీత, 1986లో చంటబ్బాయ్ వంటి చిత్రాలు విశాఖ వీధుల్లో, ఇళ్ళలో, తీరాన రూపుదిద్దుకున్నాయి. నాలుగు స్తంభాలాటలో నరేష్, ప్రదీప్, పూర్ణిమ, తులసి వంటి పడుచువారే ప్రధాన పాత్రలు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన వీరభద్రరావుకు, నాటకాల నుంచి వచ్చిన వేలుకు సుత్తి అనే ఇంటిపేరు స్థిరపడింది ఈ చిత్రంతోనే. ఆ తరువాత సుత్తి జంట లేని హాస్య చిత్రం కొన్నేళ్ళపాటు అరుదయింది.

చంటబ్బాయ్ మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా తీసినది. అప్పటికే పోరాట చిత్రాల కథానాయకుడిగా స్థిరపడిన చిరంజీవిని అందులో అమాయకపు డిటెక్టివుగా మార్చి నవ్వించారు. అత్తిలిలో పాఠాలు చెప్పుకునే బ్రహ్మానందంకు అందులో చిన్న వేషం దొరికింది. మరుసటి ఏడాది అహ నా పెళ్ళంటలో అరగుండు పాత్రతో ఆయన దశ తిరిగిన సంగతి అందరికీ తెలిసినదే.

ఊరు మొత్తం స్టూడియో

మద్రాసులో సినిమా తీయాలంటే స్టూడియోలో ఫ్లోరు అద్దెకు తీసుకోవాలి. గోడలు, తలుపులు, కిటికీలు, మెట్లు అన్నీ చెక్కతో, అట్టతో కట్టించాలి. పని అయ్యాక పడగొట్టాలి. రోజు గడిస్తే అద్దె పెరుగుతుంది. జంధ్యాల వంటివారు ఎంచుకున్న పద్ధతి వేరు. నిజమైన ఇల్లు, నిజమైన వీధి, నిజమైన కొండ వాలు. విశాఖలో ఇవన్నీ కొద్ది దూరంలోనే దొరుకుతాయి. ఒకపక్క సముద్రం, ఒకపక్క కొండలు, నడుమ పాత బంగళాలు, కొత్త కాలనీలు, రేవు, రైల్వే కాలనీ. పొద్దున్న ఒకచోట, మధ్యాహ్నం మరొకచోట పని చేసుకోవచ్చు.

యూనిట్ ఊళ్ళో దిగితే ఆ నాలుగు వారాలూ డబ్బు ఊళ్ళో తిరుగుతుంది. హోటలు గదులు, భోజనాలు, కార్లు, లారీలు, కూలీలు, వడ్రంగులు, కుట్టుపనివారు, గుంపులో నిలబడే మనుషులు, ఇంటి అద్దెలు. సినిమా తీసేవారికి ఖర్చు, ఊరివారికి రాబడి. పరాయి ఊరివారు వచ్చి మన ఊళ్ళో సంత పెట్టినట్లే.

కానీ ఇందులో ఒక లోటు ఉండేది. అది జంధ్యాల ఒక్కరి వల్ల తీరేది కాదు. విశాఖలో తీసిన రీలు విశాఖలో కడిగే వీలు లేదు. కెమెరా, దీపాలు, జనరేటరు, వాటిని నడిపే పనివారు అత్యధికంగా మద్రాసు నుంచే వచ్చేవారు. తీసిన నెగటివ్ డబ్బాల్లో పెట్టి మద్రాసు లాబొరేటరీకి పంపాలి. ఎడిటింగు, డబ్బింగు, నేపథ్య సంగీతం, ప్రింట్లు వేయడం, అన్నీ అక్కడే. బైలదిలా గనుల ముడి ఇనుము కొత్తవలస మీదుగా విశాఖ రేవుకు వచ్చి, ఓడలెక్కి జపానుకు పోయిన రోజులు జిల్లావాసులు ఎరుగుదురు. ఉక్కు తయారయ్యేది అక్కడ, లాభం మిగిలేది అక్కడ. ఆ ఇనుమును ఇక్కడే ఉక్కు చేయాలనే పట్టుదలతోనే ఉద్యమం వచ్చింది, 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. సినిమా విషయంలో విశాఖ అప్పటికి ముడి ఇనుము దశలోనే ఉంది.

పన్ను లెక్క

సినిమా మీద వినోదపు పన్ను మన ప్రాంతానికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నాటి నుంచీ ఉంది. 1939 నాటి చట్టమే కొన్ని మార్పులతో ఆంధ్రప్రదేశ్‌లోనూ కొనసాగింది. టిక్కెట్టు కొన్న ప్రతి మనిషీ సినిమాకు కొంత, సర్కారుకు కొంత ఇచ్చినట్లే. ఈ పన్నులో వాటా తగ్గిస్తే నిర్మాతకు, పంపిణీదారుకు మిగులుతుంది. రాష్ట్రంలోనే చిత్రాలు తీసేవారికి ప్రభుత్వం కొంత సబ్సిడీ ఇవ్వడం, పన్నులో సడలింపు చూపడం, చలనచిత్రాభివృద్ధి సంస్థను నెలకొల్పడం, హైదరాబాదులో స్టూడియోలకు చోటు కల్పించడం, ఇవన్నీ మద్రాసు నుంచి పరిశ్రమను రప్పించేందుకు చేసిన ప్రయత్నాలే. సారథి స్టూడియో 1950వ దశకం చివరనే హైదరాబాదులో వెలిసింది. 1976లో అన్నపూర్ణ, రామకృష్ణ స్టూడియోలు వచ్చాయి.

జంధ్యాల విశాఖలో చిత్రాలు తీస్తున్న రోజుల్లోనే పన్ను పద్ధతి పెద్ద మలుపు తిరిగింది. అంతకుముందు అమ్మిన టిక్కెట్ల మీద పన్ను లెక్కగట్టేవారు. హాలులో వందమంది కూర్చుంటే లెక్కలో అరవైమందినే చూపే మోసాలు జరిగేవి. 1984 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో లెక్క మారింది. ఎంతమంది వచ్చారన్నది కాక, హాలు నిండితే ఎంత వసూలు కాగలదో దాని మీద పన్ను నిర్ణయించారు. నగరం, పురపాలక సంఘం, గ్రామ పంచాయతీ అని ఊళ్ళను, ఏసీ హాలు, మామూలు హాలు, టూరింగ్ టాకీసు అని హాళ్ళను తరగతులుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రేటు పెట్టారు. కోరుకున్నవారు వారానికి ఇంత అని ఒకే మొత్తం కట్టే వీలు కూడా కల్పించారు. జనం నోట ఇది స్లాబ్ పద్ధతిగా నిలిచిపోయింది. దీన్ని సవాలు చేసిన హాళ్ళవారి వాదనను సుప్రీంకోర్టు 1993లో తోసిపుచ్చి చట్టాన్ని సమర్థించింది.

దీనివల్ల దొంగ లెక్కలు తగ్గాయి, సర్కారుకు రాబడి నికరమయింది. అయితే చిన్న సినిమాకు కొత్త చిక్కు వచ్చింది. ఉదాహరణకు ఒక పల్లె హాలు నిండితే ఆటకు వెయ్యి రూపాయలు వస్తుందని, అందులో పన్ను నూరు రూపాయలని అనుకుందాం. పెద్ద తార చిత్రం పడి హాలు నిండితే ఆ నూరు పదోవంతు. చిన్న చిత్రం పడి హాలు సగమే నిండితే అదే నూరు అయిదో వంతు. హాలు యజమాని సహజంగానే పెద్ద చిత్రం వైపే మొగ్గుతాడు. కొత్త ముఖాలతో, మాటల మీద నడిచే చిత్రానికి మొదటి వారమే గడ్డు వారం.

ఈ పరిస్థితిలో జంధ్యాల చిత్రాలు నిలబడటానికి కారణం రాయితీ ఒక్కటే కాదు. తీసే ఖర్చు తక్కువ. కథ బిగువు. చూసినవారు ఇంటికి వెళ్ళి మరో నలుగురికి చెప్పడం. ముఖ్యంగా ఆడవారు, పిల్లలు కలిసి కూర్చుని చూడగల చిత్రాలని నమ్మకం. ఉషాకిరణ్ మూవీస్ పతాకాన 1984లో వచ్చిన శ్రీవారికి ప్రేమలేఖ ఇందుకు నిదర్శనం. చతుర మాసపత్రికలో వచ్చిన పొత్తూరి విజయలక్ష్మి నవల ఆ చిత్రానికి ఆధారం. నరేష్, పూర్ణిమ నాయికా నాయకులు. నవలకు, హాస్యానికి, పొదుపుకు ముడి వేసిన చిత్రమది. ఇంటిల్లిపాదీ చూశారు.

నవ్వుల వెనుక శ్రమ

జంధ్యాల అనగానే హాస్యమే గుర్తుకు రావడం సహజం. కానీ కూచిపూడి నాట్యం నేపథ్యంగా ఆయన తీసిన ఆనందభైరవి ఉత్తమ దర్శకునిగా నంది బహుమతిని తెచ్చిపెట్టింది. 1987లో పడమటి సంధ్యారాగాన్ని అమెరికాలో తీశారు. విశాఖలో పాటించిన సూత్రమే అక్కడా పనిచేసింది. కొద్దిమంది యూనిట్, నిజమైన ఇళ్ళు, అక్కడి తెలుగువారి జీవితమే కథ. అదే ఏడాది డి. రామానాయుడు నిర్మించిన అహ నా పెళ్ళంట పిసినారి పాత్రతో ఊరూరా నవ్వులు పూయించింది. 1988లో సొంత సంస్థ జె.జె. మూవీస్ పేరిట వివాహ భోజనంబు వచ్చింది.

1990వ దశకంలో హాస్య చిత్రాల తీరు మారింది. ఖర్చులు పెరిగాయి. ఇంటింటికీ టీవీ వచ్చింది. జంధ్యాల దర్శకత్వం వహించిన చిత్రాలకు మునుపటి ఆదరణ తగ్గింది. అయినా కలం పదును తగ్గలేదు. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి, 1991లో ఆదిత్య 369 చిత్రాలకు మాటలు ఆయనవే. 1992లో విశ్వనాథ్ తీసిన ఆపద్బాంధవుడులో నటుడిగా కంటతడి పెట్టించారు. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిన రోజుల్లో ఆయనా అక్కడే స్థిరపడ్డారు. నలభైకి దగ్గరగా చిత్రాలకు దర్శకత్వం వహించిన ఆయన 2001 జూన్ 19న గుండెపోటుతో హైదరాబాదులో కన్నుమూశారు. వయసు యాభై ఏళ్ళే.

ఆయన తరువాత

ఆయన పోయిన తరువాత కొన్నేళ్ళకు విశాఖ - భీమిలి దారిలో కొండ మీద రామానాయుడు స్టూడియో వచ్చింది. కెమెరా డిజిటల్ అయ్యాక రీలు కడిగే లాబొరేటరీ అవసరమే లేకుండా పోయింది. జంధ్యాల కాలంలో విశాఖకు పెద్ద అడ్డంకిగా ఉన్నది ఈనాడు అడ్డంకి కాదు. ఎడిటింగు, శబ్దం, రంగులు దిద్దడం వంటి పనులు ఒక గదిలో కంప్యూటర్ల మీద జరిగిపోతున్నాయి. నేర్చినవారు ఉంటే ఆ గది భీమిలిలోనూ ఉండవచ్చు, అనకాపల్లిలోనూ ఉండవచ్చు.

పన్ను రాయితీ తీరు మాత్రం తలకిందులయింది. తెలుగు చిత్రాలకు 10 శాతం, ఇతర భాషల చిత్రాలకు 24 శాతం అంటూ రాష్ట్రం పెట్టిన వినోదపు పన్ను తేడాను 2007లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. భాష ఒక్కటే ఆధారంగా పన్ను వేరు చేయడం చెల్లదని తేల్చింది. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో రాష్ట్రాల వినోదపు పన్ను అందులో కలిసిపోయింది. టిక్కెట్టు మీద రేటు తగ్గించే అధికారం రాష్ట్రం ఒక్కదాని చేతిలో లేదు. తన వాటాగా వచ్చినది తిరిగి ఇవ్వడం, టిక్కెట్టు ధర విషయంలో వెసులుబాటు చూపడం వంటి దారులే మిగిలాయి. 2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు అటువంటిదే. భారీ ఖర్చుతో తీసిన చిత్రానికి తొలి పది రోజులు ధర పెంచుకునే వీలు కావాలంటే షూటింగులో కనీసం 20 శాతం రాష్ట్రంలో జరిగి ఉండాలని షరతు పెట్టారు.

ఇక్కడే జంధ్యాల జీవితం పనికివస్తుంది. షరతు కోసం వచ్చే యూనిట్ లెక్కకు కావలసినన్ని రోజులు తీరాన షూటింగు చేసుకుని వెళ్ళిపోగలదు. 20 శాతం లెక్క సరిపోతుంది, ఊరికి మాత్రం ఆ రోజుల హోటలు బిల్లు మిగులుతుంది. కథే ఈ ఊరిది అయితే యూనిట్ వారాల తరబడి ఉంటుంది, మళ్ళీ వస్తుంది. జంధ్యాల మళ్ళీ మళ్ళీ వచ్చింది అందుకే. ఆయనకు విశాఖ చౌక అయిన చోటు మాత్రమే కాదు, కథ ఒదిగే చోటు.

కాబట్టి రాయితీ ఇచ్చేటప్పుడు ఎన్ని రోజులు కెమెరా తిరిగిందని అడిగితే చాలదు. ఎంతమంది స్థానికులకు పని దొరికింది, వారిలో ఎందరు పని నేర్చుకున్నారు, చిత్రం పూర్తిచేసే పనిలో ఎంత భాగం ఇక్కడ జరిగింది అని కూడా అడగాలి. రాయితీ సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడదు. అది బడికి, రోడ్డుకు, ఆసుపత్రికి వెళ్ళవలసిన సొమ్ములోంచి తీసి ఇచ్చేదే. పల్లెలో టిక్కెట్టు కొన్నవాడూ అందులో భాగస్వామే. ఇచ్చినదానికి జిల్లాలో ఏమి మిగిలిందో చూసుకునే హక్కు అతనికి ఉంది.

జంధ్యాల పేరు మీద ఎవరూ రాయితీ రాయలేదు. నాటకాల్లో అలవడిన పొదుపు, తెలుగు ఇంటి మాట, ఎదురుగా ఉన్న ఊరిని శ్రద్ధగా చూసే కన్ను, ఈ మూడింటితోనే ఆయన విశాఖలో సినిమా పంట పండించారు. ఆ చిత్రాల్లోని వీధులు నేడు చాలావరకు రూపు మారాయి. పాత బంగళాలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. 1980వ దశకం నాటి విశాఖ ఎలా ఉండేదో చూడాలనుకునే పిల్లలకు ఆ చిత్రాలే మిగిలిన ఆనవాళ్ళు.